నల్లరేగడి నుంచి మన్నార్ తీరానికి: గుంపు ప్రయాణాల చరిత్రలో సైకిల్

తమిళనాడు దక్షిణాన విరుదునగర్, కోవిల్‌పట్టి పట్టణాల చుట్టూ పరచుకున్న నల్లరేగడి నేలను అక్కడివారు కరిసల్ భూమి అంటారు. పత్తి, జొన్న, సజ్జ, మిరప వంటి మెట్ట పైర్లు తప్ప నీరు ఎక్కువగా కోరే పంటేదీ సులభంగా నిలవని ఈ ప్రాంతం తూర్పుగా వాలుతూ వెళ్ళి మన్నార్ సింధుశాఖ తీరంలో ముగుస్తుంది. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా ఆ తీరానికి ఎదురుగా వరుసగా ఉన్న 21 చిన్న దీవులనూ, వాటి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలనూ, సముద్రపు గడ్డి మైదానాలనూ కలిపి 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఒక మార్గదర్శి వెంట పదిమందో పదిహేనుమందో సైకిళ్ళ మీద ఇటువంటి తీరం పొడవునా కొన్ని రోజులు తిరిగి రావడమనే విహారం ఇక్కడి మనుషులకు నిన్నమొన్నటి సంగతిగా కనిపించవచ్చు గాని, అందులోని ఒక్కొక్క అంగానికి, అంటే గుంపుకు, గుంపును నడిపే పెద్దకు, బాటకు, బసకు, వాహనానికి, లోపలికి ఎవరు రావచ్చో తేల్చే అధికారానికి, ఈ నేల మీద వేరువేరుగా పాత చరిత్రలు ఉన్నాయి. ఆ చరిత్రలు ఒకదానినొకటి కలుసుకోవడానికే చాలా కాలం పట్టింది.

గుంపు సంగతితో మొదలుపెట్టడం సబబు, ఎందుకంటే ఈ ప్రాంతపు తెలుగువారి ఉనికే ఒక గుంపు ప్రయాణంతో ముడిపడి ఉంది. విజయనగర కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయకరాజుల కాలంలోనూ తెలుగు మాట్లాడే కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు మొదలైన కులాలవారు దక్షిణానికి వలస వచ్చి, తామ్రపర్ణి ఒడ్డున ఉన్న వరిమాగాణులు అప్పటికే ఇతరుల చేతిలో ఉండడం వల్ల, ఎవరూ అంతగా ఆశపడని ఈ నల్లరేగడిని సాగులోకి తెచ్చారు. మధుర నాయకరాజ్యంలో పాళెయమంటే ఒక సైనిక నాయకుడికి అప్పగించిన ప్రాంతం. అతడు పన్ను వసూలు చేసి, కొంత రాజుకు చెల్లించి, యుద్ధ సమయంలో బలగంతో రావాలి. అటువంటి పాళెయాలలో ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి రెండూ తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకులవి. పాంచాలంకురిచ్చి వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఈస్టిండియా కంపెనీవారు 1799 అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో ఉరితీశారు. కంపెనీతో కలిసివెళ్ళిన ఎట్టయపురం మాత్రం జమీందారీగా మిగిలి, సంగీతానికి పెద్ద ఆశ్రయమైంది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు, ఆయన వంశీకుడు సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో అక్కడి ముద్రణాలయం నుంచే తెలుగు లిపిలో వెలువరించారు. తమిళదేశపు నడిబొడ్డున ఒక చిన్న సంస్థానం అంత పెద్ద తెలుగు గ్రంథాన్ని అచ్చువేయగలిగిందంటే ఇక్కడి తెలుగు ఎంత లోతుగా వేళ్ళూనిందో ఊహించుకోవచ్చు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టి, ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, 1976లో వచ్చిన గోపల్ల గ్రామం నవలలో ఈ వలసనే కథావస్తువుగా తీసుకున్నారు. దాని కొనసాగింపయిన గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది.

వలస వచ్చి స్థిరపడినవారికి సముద్రంతో పని లేకపోలేదు. విరుదునగర్‌ను ఆనుకుని పారే కౌసికా నది అర్జున నదిలో, అర్జున నది సాత్తూరు సమీపంలోని ఇరుక్కంకుడి దగ్గర వైప్పారులో కలుస్తాయి. వైప్పారు విళాత్తికుళం మీదుగా వెళ్ళి మన్నార్ సింధుశాఖలో పడుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే కనిపించే ఈ ఏరు, విరుదునగర్ మెట్టకూ నేటి జాతీయ ఉద్యానవనపు వేంబార్ దీవులకూ మధ్య సహజమైన బాటను ఏర్పరచింది. రైలు రాకముందు కరిసల్ పత్తి ఎడ్లబండ్ల మీదే తూత్తుకుడి రేవుకు చేరేది, తిరుగుబండ్లలో ఉప్పు, ఎండుచేపలు వచ్చేవి. ఎండ దెబ్బ తప్పించుకోవడానికి బండ్లు రాత్రిపూట నడిచేవి. ఇరుసు కింద లాంతరు వేలాడగట్టి, దారి తెలిసిన ఎడ్లున్న బండిని ముందు పెడితే, వెనకబండ్లు తోలేవారు కునుకు తీసినా ఎడ్లు ముందుబండిని అనుసరించి పోయేవి. ముందు నడిచేవాడి మీద నమ్మకంతో మిగిలినవారు సాగిపోవడమనే పద్ధతి ఈ బాటల మీద వ్యాపార అవసరంగానే స్థిరపడింది.

ఆ పద్ధతికి భక్తి మరింత కచ్చితమైన రూపం ఇచ్చింది. కరిసల్ గ్రామాల నుంచి ఇరుక్కంకుడి మారియమ్మకు, కళుగుమలై మురుగనుకు, అన్నిటికంటె ముఖ్యంగా సముద్రపు ఒడ్డున ఉన్న తిరుచెందూరు మురుగనుకు మొక్కుకున్నవారు గుంపులుగా కాలినడకన వెళ్ళడం ఈనాటికీ ఉన్న ఆచారం. ఇటువంటి గుంపులో ఇదివరకు పలుమార్లు నడిచిన ఒక పెద్ద ఉంటాడు. ఏ జామున బయలుదేరాలో, ఎక్కడ నీరు దొరుకుతుందో, ఏ ఊళ్ళో బస చేయాలో, నడవలేక వెనకబడినవారిని ఎవరు కనిపెట్టుకోవాలో తేల్చేది అతడే. నడక అలసట తెలియకుండా పాట సాయపడింది. చెన్నికుళం అణ్ణామలై రెడ్డియార్ కళుగుమలై మురుగన్ మీద కూర్చిన కావడిచిందు పాటలు, కావడి భుజాన వేసుకుని అడుగు వేసేవారి లయకు సరిపోయేటట్టు నడుస్తాయి. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకోవడం వాటి తీరు. కట్టబొమ్మన్ తిరుచెందూరులో పూజవేళ తెలుసుకోవడానికి అక్కడి నుంచి తన కోట దాకా దారి పొడవునా గంటల మండపాలు కట్టించాడని చెప్పుకునే కథలో చరిత్ర పాలు ఎంతున్నా, మెట్టకూ తీరానికీ నడుమనున్న బాటను జనం ఒకే అఖండమైన దారిగా తలచారన్నది మాత్రం ఆ కథ చెబుతుంది.

బస విషయంలో ఇక్కడివారు తలుచుకునే పేరు రాణి మంగమ్మది. 17వ శతాబ్ది చివర మనవడి తరఫున మధురను ఏలిన ఈ తెలుగు రాణి బాటలు వేయించి, వాటి పక్కన చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందన్న ఖ్యాతి ఎంతగా నిలిచిందంటే, దక్షిణ జిల్లాల్లో పాతబాట ఏది కనిపించినా దాన్ని మంగమ్మ బాట అనడం పరిపాటి అయింది. అన్నిటినీ ఆమె ఖాతాలో వేయడం చరిత్రకారుడికి ఇబ్బందే. అయినా, బాటసారికి నీడ, నీరు, బస కల్పించడం పాలకుల పని అన్న భావనకు ఆమె పేరు గుర్తుగా నిలిచింది.

1876లో మధుర, తూత్తుకుడిల మధ్య రైలుదారి మొదలవడంతో ఈ ఏర్పాటు చాలావరకు కూలింది. నాడు విరుదుపట్టి అని పిలిచే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఆ దారిలోని స్టేషన్లయ్యాయి. పత్తి, మిరప, నూనెగింజల వ్యాపారం స్టేషను చుట్టూ చేరి, విరుదుపట్టిని దక్షిణాదిలో పెద్ద సంతగా నిలిపింది. బండ్ల బారులు పల్లె నుంచి స్టేషను దాకా కుదించుకుపోయాయి. దారి తెలిసిన పెద్ద అవసరం కూడా తగ్గింది, టిక్కెట్టు కొన్నవాడికి దారి తెలియనక్కరలేదు గదా. విచిత్రమేమంటే, ప్రపంచంలో మరోచోట ఇదే రైలు మార్గదర్శిని పుట్టించింది. ఇంగ్లండులో థామస్ కుక్ 1841లో మద్యనిషేధ సభకు వెళ్ళేవారిని గుంపుగా రైలెక్కించి తీసుకువెళ్ళడంతో మొదలుపెట్టి, విహారయాత్రను ఒక వ్యాపారంగా మార్చాడు. 1878లో అక్కడే సైకిలు యాత్రికుల క్లబ్బు ఏర్పడి, సభ్యులకు పటాలు, దారి వివరాలు, తక్కువ ధరకు బస చూపించడం మొదలుపెట్టింది. అమెరికా నుంచి బయలుదేరిన థామస్ స్టీవెన్స్ 1886లో ఎత్తయిన ముందుచక్రం ఉన్న పాతకాలపు సైకిలు మీద ఉత్తర భారతాన్ని దాటి వెళ్ళాడు. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన పార్సీ యువకులలో అది హకీం, జల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు 1928లో ప్రపంచాన్ని చుట్టి తిరిగి వచ్చారు. వారివి సాహసయాత్రలు. సామాన్యుడు సెలవుల్లో చేసే సైకిలు విహారానికి మన దేశంలో ఇంకా చాలా కాలం పట్టింది.

ఎందుకు పట్టిందన్నది కోవిల్‌పట్టి, విరుదునగర్ వీధులను చూస్తే తెలుస్తుంది. ఇక్కడికి సైకిలు విలాసంగా వచ్చి, త్వరలోనే పనిముట్టయింది. మొదట ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన ర్యాలీ, హంబర్, బీఎస్ఏ సైకిళ్ళు వకీళ్ళ, గుమస్తాల, వ్యాపారుల ఇళ్ళకే పరిమితం. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో మురుగప్ప కుటుంబంవారు ఇంగ్లండు సంస్థతో కలిసి టీఐ సైకిల్స్ కర్మాగారాన్ని నెలకొల్పిన తరువాత హెర్క్యులెస్ సైకిలు పల్లెకు చేరడం మొదలైంది. 1922లో పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి పని నేర్చుకువచ్చి శివకాశిలో ప్రారంభించిన అగ్గిపెట్టెల పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టిల దాకా విస్తరించి, పెట్టెలు అంటించే పనిని చుట్టుపక్కల పల్లెల్లోని ఇళ్ళకు పంచింది. చెక్క పేళ్ళు, కాగితం ఇళ్ళకు చేర్చడానికి, అంటించిన పెట్టెలు తిరిగి తేవడానికి సైకిలు బాగా అక్కరకు వచ్చింది. తీరం నుంచి తెల్లవారకముందే వెదురుగంపలో చేపలు కట్టుకుని లోపలి పల్లెలకు తొక్కుకుంటూ వచ్చే వర్తకుడు మరొకడు. అతడి సైకిలుకు వెనక క్యారియరు వెడల్పుగా, స్టాండు బలంగా ఉంటుంది. గంప కింద నీరు కారి గొలుసు తుప్పు పట్టకుండా గోనెపట్టా కడతారు. ఒక విధంగా ఈ చేపల వర్తకులే మెట్ట నుంచి మన్నార్ తీరం దాకా సైకిలు బాటను మొదట తొక్కి అలవాటు చేసినవారు.

సైకిలు మీద ప్రభుత్వానికీ కన్ను ఉండేది. మునిసిపాలిటీకి ఏటా రుసుం కట్టి తీసుకున్న లోహపు బిళ్ళ సైకిలుకు తగిలించవలసి ఉండేది. చీకటి పడితే దీపం ఉండాలి, అది మొదట కిరోసిన్‌తో వెలిగేది, తరువాత చక్రానికి రాసుకుని తిరిగే డైనమోతో. ఇద్దరెక్కి తొక్కితే పోలీసు ఆపి జరిమానా వేయించేవాడు. సొంత సైకిలు లేనివారికి గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు ఉండేవి, కరిసల్ పిల్లలు ఎక్కువమంది సైకిలు నేర్చుకున్నది అటువంటి అద్దె సైకిలు మీదే. ఊరి మైదానంలో ఒకడు రోజుల తరబడి సైకిలు దిగకుండా గుండ్రంగా తొక్కుతూ, దాని మీదే స్నానం, భోజనం కానిచ్చే ప్రదర్శనలు తమిళ పల్లెల్లోనూ, తెలుగు పల్లెల్లోనూ ఒకప్పుడు జనాన్ని ఆకట్టుకున్నాయి. సైకిలుతో వినోదమంటే చూడడమే గాని, దానిమీద ఊరు దాటి సరదాగా తిరిగి రావడమన్న ఊహ ఆ తరానికి లేదు. కుటుంబంలో ఒక్కటే ఉన్న సైకిలును వారం రోజులు పని మాన్పించి సముద్రపు ఒడ్డుకు తీసుకుపోవడం ఎవరికీ తట్టని సంగతి.

మార్పుకు ఒక కారణం ఆడవాళ్ళ చేతికి సైకిలు రావడం. 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పి, వేలమంది గ్రామీణ స్త్రీలను రోడ్డు మీదికి తెచ్చింది. కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి దన్నుగా నిలిచారు. 2001లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలకు ఉచిత సైకిళ్ళివ్వడంతో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం కొన్నేళ్ళలో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పదకొండో తరగతి చదివే పిల్లలందరికీ విస్తరించింది. ఇంట్లో ఒకటికి రెండు సైకిళ్ళుండి, పనికి మోటారు సైకిలు వచ్చాకే, సైకిలు మళ్ళీ తీరిక వస్తువయింది. వంద కిలోమీటర్ల కోసం లక్ష రూపాయల సైకిలు కొనే నగరవాసికీ, ఉచిత సైకిలు మీద బడికి వెళ్ళే కోవిల్‌పట్టి పిల్లకూ మధ్య దూరం చిన్నది కాదు గాని, ఆ పిల్ల లేకుంటే ఆ నగరవాసికి రోడ్డు మీద ఇంత మన్నన దక్కేది కాదన్నది గమనించదగినది.

ఇక సముద్రం. మన్నార్ సింధుశాఖ ముత్యాలు ప్రాచీన కాలం నుంచీ పేరుపొందినవి. పాండ్యుల తరువాత మధుర నాయకరాజులు, పోర్చుగీసువారు, 1658లో తూత్తుకుడిని పట్టుకున్న డచ్చివారు, చివరికి ఆంగ్లేయులు ఆ ముత్యపుచిప్పల వేట మీద వాటా కోరారు. నీటిలోకి దూకి చిప్పలు తెచ్చిన పరవర కులంవారికి దక్కింది కొద్దిభాగమే. అంటే ఈ సముద్రం అందరిదిగా ఎన్నడూ లేదు. ఎవరు ఎప్పుడు, ఎన్ని పడవలతో దిగాలన్నది పాలకుల అనుమతి మీద నడిచింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ముత్యాల వేట ఆగిపోయాక, సున్నం కోసం, కట్టడాల కోసం పగడపు రాళ్ళను తవ్వుకుపోవడం సాగి, దీవుల అంచులు కరగసాగాయి. 1986లో ఉద్యానవనం ఏర్పడింది ఈ నేపథ్యంలోనే. ఇంచుమించు ఆ రోజుల్లోనే పరిపాలన పటం కూడా మారింది: రామనాథపురం నుంచి 1985లో విరుదునగర్ జిల్లా, తిరునల్వేలి నుంచి 1986లో కోవిల్‌పట్టి చేరిన తూత్తుకుడి జిల్లా విడివడ్డాయి.

ఇక్కడ రెండు మాటలను వేరుగా చూడాలి. జాతీయ ఉద్యానవనమంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాని భాగం. మన్నార్‌లో అది సుమారు 560 చదరపు కిలోమీటర్లు, అందులోని భూమి ఆ చిన్న దీవులే. జీవావరణ రక్షిత ప్రాంతమంటే అటువంటి కేంద్రం చుట్టూ మనుషులు ఉంటూ, బతుకుతూ ఉండే వెలుపలి వలయంతో సహా గుర్తించిన విశాల ప్రదేశం. మన్నార్‌లో 1989లో ప్రకటించిన ఆ ప్రాంతం 10,500 చదరపు కిలోమీటర్లు, 2001లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చింది. సైకిలు యాత్రికుడు తొక్కేది ఈ వెలుపలి వలయంలోనే. ఉద్యానవనంలో సైకిలు విహారమని ప్రకటనల్లో రాసుకుంటే వినడానికి బాగానే ఉంటుంది, కాని ఇక్కడ ఉద్యానవనమంటే నీరు. సైకిలు దాని అంచున నడుస్తుందే తప్ప లోపలికి వెళ్ళదు. అడవి ఉద్యానవనాల అనుభవంతో వచ్చేవారు ఈ తేడాను ముందుగా గ్రహించకపోతే నిరాశపడతారు.

ఆ అంచు వెంబడి తొక్కడం కూడా రోడ్డు చరిత్ర మీదే ఆధారపడింది. పాంబన్ దగ్గర సముద్రం మీద రైలు వంతెన 1914లోనే తెరుచుకున్నా, రోడ్డు వంతెన 1988 దాకా లేదు. అంతవరకు సైకిలుతో రామేశ్వరం చేరాలనుకున్నవారు మండపంలో దాన్ని రైలెక్కించవలసిందే. 1964 డిసెంబరు తుపానులో నాశనమైన ధనుష్కోటికి ఇసుకలో తిరిగే వ్యాన్లు తప్ప ఏవీ వెళ్ళలేని స్థితి అర్ధశతాబ్దం పాటు సాగింది. అరిచల్‌మునై కొన దాకా తారురోడ్డు 2017లో తెరిచాకే సైకిలు చక్రం అక్కడిదాకా సాఫీగా పోగలిగింది. తూత్తుకుడి నుంచి వేంబార్, సాయల్‌గుడి, కీళక్కరై మీదుగా రామనాథపురం వైపు పోయే తూర్పుతీర రహదారి ఈ ముక్కలను ఒకటిగా కలిపింది. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయపురం, విళాత్తికుళం మీదుగా వేంబార్ చేరడానికి సుమారు 60 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు దాదాపు లేని దారి. విరుదునగర్ నుంచి వచ్చేవారికి దీనికి మరో 50 కలపాలి.

మార్గదర్శి, వెనకబడినవారిని కనిపెట్టే మరొకడు, సామాను మోసే వ్యాను, ముందే కుదిర్చిన బస అనే కట్టుదిట్టంతో బహుదిన సైకిలు యాత్రలు దక్షిణాదిలో ప్రాచుర్యం పొందింది 2008లో మొదలైన నీలగిరి యాత్ర తరువాత. ఈ విధుల్లో ఒక్కటీ తిరుచెందూరు నడకగుంపు పెద్దకు తెలియనిది కాదు. వ్యాను స్థానంలో అప్పుడు బియ్యం, గిన్నెలు మోసే ఎడ్లబండి ఉండేది. మెట్టదారిలో నాయకుడికి తెలియవలసిన మెలకువలు మాత్రం ఇక్కడివే. ఆడి మాసంలో, అంటే జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా, పడమటి కనుమల వైపు నుంచి వచ్చే గాలి సన్నికల్లును సైతం ఎగరగొడుతుందని తమిళ పల్లెల్లో అనుకుంటారు. 1986లో దేశంలో మొదటి గాలిమరల క్షేత్రాల్లో ఒకటి తూత్తుకుడి ప్రాంతంలో పెట్టడానికి కారణమూ ఈ గాలే. సముద్రం వైపు పోయేటప్పుడు వీపున తోసే ఆ గాలి, తిరుగుదారిలో ఎదురై అరవై కిలోమీటర్లను రెండింతలు చేస్తుంది. ఈశాన్య ఋతుపవనాల వానల్లో తారురోడ్డు దిగితే కరిసల్ మట్టి చక్రానికి పొరలుపొరలుగా పట్టి, మడ్‌గార్డులో ఇరుక్కుని, సైకిలును భుజాన మోయిస్తుంది. అన్ని ఋతువుల్లోనూ ఉండే శత్రువు సర్కారు తుమ్మ. కట్టెల కోసం గత శతాబ్దంలో వ్యాపింపజేసిన ఈ అమెరికా చెట్టు రామనాథపురం, విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల్లో బీడును, చెరువుగట్టును, రోడ్డుపక్కను ఆక్రమించింది, ఆరిన కొమ్మ నుంచి రాలిన దాని ముల్లు మందమైన టైరునూ దాటి ట్యూబును అందుకుంటుంది. పంక్చరు అతికినవాడు టైరు లోపలివైపు వేలితో తడిమి, విరిగి ఉండిపోయిన ముల్లుకొనను తీయకపోతే, ఫర్లాంగు దాటకముందే గాలి మళ్ళీ పోతుంది. తిండికి మాత్రం ఇబ్బంది లేదు: 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి వేరుశనగ అచ్చు, బెల్లం పాకంతో కట్టింది, జేబులో ఎండకు కరగదు, తొక్కుతూనే నమలవచ్చు.

తీరం చేరాక నాయకత్వం చేతులు మారుతుంది. మండపం వంటి చోట్ల అటవీశాఖ ఆధ్వర్యంలో నడిచే, అడుగున గాజు అమర్చిన పడవల్లో యాత్రికులను తీసుకువెళ్ళి పగడాలను చూపించే పనిలో మత్స్యకార గ్రామాలవారు పాలుపంచుకుంటున్నారు. 2001లో పగడాలకు చట్టంలో అత్యున్నత రక్షణ కల్పించి, తవ్వకం ఆపాక, జీవనోపాధి మళ్ళింపుగా వచ్చిన ఏర్పాట్లలో ఇదొకటి. పటంలో 21 దీవులున్నా, తూత్తుకుడి ఎదుట విలాంగుచల్లి, కీళక్కరై వైపు పూవరసన్‌పట్టి ఇప్పటికే నీటమునిగాయి. కోసుకుపోతున్న వాన్ దీవి చుట్టూ గత దశాబ్దంలో కృత్రిమ దిబ్బలు దించవలసివచ్చింది. ఏ దీవి ఎక్కడ ఉండేదో, సముద్రపు ఆవు మేసే గడ్డి ఏ లోతున ఉంటుందో పడవ నడిపేవారికి తెలిసినంతగా నగరం నుంచి వచ్చిన సైకిలు బృందం నాయకుడికి తెలియదు. యాత్ర ఏర్పాటు చేసే సంస్థలు పడవ గంటను ఒక వినోదంగా లెక్కవేసి, పడవ నడిపే మనిషికి మాట్లాడే వ్యవధి ఇవ్వకపోవడం ఈ యాత్రల్లో కనిపించే పెద్ద లోపం. పడవ కదలడం గాలిని, అలను బట్టి ఉంటుంది. ఆడి గాలి ముదిరిన రోజుల్లో సైకిళ్ళు రోడ్డు మీద ఎలాగో సాగినా పడవలు ఒడ్డునే ఉంటాయి, కనుక తీరాన్ని, దీవుల సముద్రాన్ని ఒకే ప్రయాణంలో చూడదలచినవారు జనవరి నుంచి మార్చి దాకా ఉన్న కాలాన్నే ఎంచుకోవలసి ఉంటుంది.